ఎదురెదురు తోకచుక్కలు

ఇప్పుడు నన్ను చూస్తే ఎవరూ నమ్మరు గానీ, ఒకప్పుడు నేను భూమ్మీద పెద్దగా ఉండేదాన్ని కాదు. తినడం, పడుకోవడం పోచంపల్లిలోనే. పొద్దున్నే బస్సెక్కి హైదరాబాదులో డిగ్రీ కాలేజీకి పోవడం, సాయంత్రానికి వాడిపోయి తిరిగి రావడం కూడా మామూలే. మనసు మాత్రం ఎక్కడో నక్షత్రాల నడుమ తిరుగుతుండేది. తెలంగాణ వచ్చి రెండేళ్ళు నిండిన ఆ రోజుల్లో ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా ఒకటే ముచ్చట, మన ఊరు నల్గొండలోనే ఉంటుందా, కొత్త జిల్లాలో కలుస్తుందా అని. నాకు ఆ దిగులే లేదు. నా దిగులంతా ఒక సినిమాలోని అంతరిక్ష ఓడ గురించి. మొదటి భాగం చివర్లో ఆ ఓడ ముక్కలై, దాని నాయకురాలు ఒంటరిగా ఒక ఎర్రటి గ్రహం మీద పడిపోయింది. రెండో భాగం వచ్చేదాకా ఆమె ఏం తింటుంది, ఎట్లా బతుకుతుంది అని నేను నిజంగా అన్నం సయించక కూర్చున్న పూటలున్నాయి. (మా అమ్మ దానికి కడుపులో పురుగులని మందు తాగించింది. అది వేరే కథ.)

సినిమా ఇంగ్లీషుది, తెలుగు మాటలతో వచ్చింది. మొదటి భాగాన్ని థియేటర్లో నాలుగుసార్లు, ఫోన్లో లెక్కలేనన్నిసార్లు చూశాను. చూడటంతో ఆగితే బాగుండేది. దాని పేరు మీద అమ్మే వస్తువులన్నీ ఇంట్లోకి తేవడం మొదలుపెట్టాను. ఓడ ఆకారంలో పిడి ఉన్న కప్పు తెస్తే, అవ్వ (మా నాయనమ్మ) దాన్ని నీళ్ళతొట్టి దగ్గర చెంబుగా పెట్టుకుంది. "పట్టుకునేటందుకు మంచిగున్నదే" అని మెచ్చుకుంది కూడా. నొక్కితే లైటు వెలిగే హెల్మెట్ తెస్తే, వారం తిరక్కముందే మా అమ్మ అందులో ఎల్లిగడ్డలు పోసి వంటింటి గూట్లో పెట్టింది. ఇక ఓడ లోపలి భాగం కనిపించే పెద్ద పోస్టరు ఇంట్లో జాగా లేక మగ్గాల గదిలో అంటించాను. మా బాపు చీర నేస్తూ నేస్తూ దాన్ని చాలాసేపు చూసి, "గిన్ని మీటలున్నయి గని, కాళ్ళతోని తొక్కేటియి ఏవి బిడ్డా?" అని అడిగాడు. అది మగ్గం కాదు బాపూ, ఆకాశంలో పోయే ఓడ అని చెప్పాను. "అయితేంది, కాళ్ళకు పనిలేకుంటే మనిషికి నిద్రొస్తది" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

మా కాలేజీలో ఆ సినిమాకు ఒక గుంపు ఉండేది. ఇరవై నాలుగు మందిమి. మాకు నాయకురాలు నా క్లాసు పిల్లే. ఆమెను అందరం కెప్టెన్ అనే పిలిచేవాళ్ళం, ఎందుకంటే మొదటి భాగం పదకొండుసార్లు థియేటర్లో చూసింది. నన్ను మాత్రం ఊరి పేరుతో "పోచంపల్లి" అనేవాళ్ళు. బస్సు టైముకు లేచిపోయే దాన్ని కాబట్టి గుంపులో నాకు పెద్ద విలువ లేదు. అందరూ క్యాంటీన్లో కూర్చుని రెండో భాగం కథ ఎట్లా ఉంటుందో వాదించుకునే వేళకు నేను బస్సులో కిటికీ పక్కన తూగుతుండేదాన్ని. ఎట్లాగైనా ఆ గుంపులో నాకంటూ ఒక పేరు రావాలని లోపల కుతకుతలాడేది. రెండో భాగం విడుదల తేదీ తెలిసిన రోజు, మొదటి రోజు ఉదయం ఆటకు అందరం ఒకే రకంగా కనబడాలని మాట వచ్చింది. కంపెనీవాళ్ళ టీషర్టులు దొరకలేదు. అందరూ మొహాలు వేలాడేసుకుంటే నేను లేచి నిలబడి అనేశాను: "టీషర్టులెందుకు? కండువాలు ఏస్కుందం. మన గుర్తున్న కండువాలు. నేను తెస్త."

నవ్వకండి. మన దగ్గర కండువా లేనిదే ఏ పని జరుగుతుంది? పెండ్లికి పోతే కండువా, ఉద్యోగం నుంచి దిగితే కండువా, పార్టీ మారితే కండువా. అంతరిక్షానికి మాత్రం ఎందుకు వద్దు? కెప్టెన్ మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగి, "ఏయ్ పోచంపల్లి, నిజంగ తెస్తవా?" అంది. ఆ ఒక్క చూపుకోసం నేను ఇరవై నాలుగు కాదు, రెండువందల నలభై కండువాలకైనా మాటిచ్చి ఉండేదాన్ని.

ఇక్కడ ఆ గుర్తు సంగతి చెప్పాలి. మా ఓడ గుర్తు ఒక తెల్లని తోకచుక్క, కుడి వైపుకు ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. ఓడలో మొదట స్నేహితుడిగా ఉండి తర్వాత ద్రోహం చేసి పోయినవాడు అదే గుర్తును తిప్పి, ఎడమ వైపుకు పోయే తోకచుక్కను తన సైన్యానికి పెట్టుకుంటాడు. కుడికి పోతే మనవాళ్ళు, ఎడమకు పోతే శత్రువులు. ఇది సినిమా చూసినవాళ్ళకు మూడేళ్ళ పిల్లలకైనా తెలుసు. సినిమా చూడనివాళ్ళకు ఎంత పెద్దవాళ్ళకైనా తెలియదు.

ఆ సాయంత్రం బాపు దగ్గరకు పోయి, కాగితం మీద తోకచుక్క బొమ్మ వేసి చూపించాను. బాపు దాన్ని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "నువ్వే అడుగుతున్నవా బిడ్డా?" అన్నాడు. ఆ మాటలో ఏముందో నాకప్పుడు అర్థం కాలేదు. మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. రెండోది మా చిన్నబాపుది, అంటే బాపు తమ్ముడిది. ఆయన నేత మానుకుని పట్నంలో కొలువుకు పోయినప్పటి నుంచి అది గుడ్డ కప్పుకుని ఊరికే ఉంది. నేను ఒక్కతే బిడ్డను, నాకూ మగ్గానికీ పడేది కాదు. నూలు పట్టుకొమ్మంటే చదువుకోవాలని చెప్పేదాన్ని, చదువుకొమ్మంటే తలనొప్పి అనేదాన్ని. అట్లాంటిది నేనే వచ్చి నేత పని అడిగేసరికి ఆయన చీర ఆపి ఆ పూటే రెండో మగ్గం మీది గుడ్డ తీశాడు. లోపలి గదిలో ఉన్న నాకు వినబడుతూనే ఉంది, అవ్వతో అంటున్నాడు: "మొదటిపారి మగ్గం పని అడిగిందే అమ్మా. ఇగ మెల్లగ కూసుంటది సూడు." అవ్వ మాత్రం బొమ్మ చూసి మొహం ముడుచుకుంది. "తోకసుక్క అరిష్టం రా. చిలుకనో హంసనో ఎయ్యరాదు?" అంది. "పిల్ల ముచ్చట పడ్డది, తోకసుక్కయితేంది, తోకలేని సుక్కయితేంది" అన్నాడు బాపు.

మా ఊరి నేతలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకుముందే నూలు మీద పుడుతుంది. నిలువు దారాలు, అంటే పడుగు, సాగదీసి, బొమ్మ తెల్లగా ఉండాల్సిన చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలతో గట్టిగా చిటికి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు, మిగతాచోట నీలం. కండువాకైతే ఇంకో పద్ధతి ఉంది. రెండు కొసలకూ బొమ్మ రావాలి కాబట్టి పడుగును సగానికి మడిచి, కొస మీద కొస పెట్టి, రెండింటికీ కలిపి ఒకేసారి కడతారు. అట్లా కడితే మెడలో వేసుకున్నప్పుడు ఎడమ కొసన ఉన్న చిలుక, కుడి కొసన ఉన్న చిలుక ఒకదాన్నొకటి చూసుకుంటాయి. మా దగ్గర అదే అందం. మొహాలు అటొకటి ఇటొకటి తిరిగితే ఆ ఇంట్లో కొట్లాటలని అవ్వ అంటుంది కూడా. బాపు ముప్పై ఏళ్ళుగా చిలుకలను అట్లాగే ఎదురెదురు కూర్చోబెట్టాడు. తోకచుక్కలను మాత్రం వేరుగా ఎందుకు కూర్చోబెడతాడు?

కానీ కట్టే ముందు ఆయన నన్ను పిలిచాడు. ఆ సంగతి దాచి చెప్తే ఈ కథకు అర్థం లేదు. "బిడ్డా, చిటికి కడ్తున్న, ఒక్కపారి వచ్చి చూసి పో" అని గదిలోంచి కేక వేశాడు. నేను అప్పుడే వచ్చిన ప్రచార చిత్రాన్ని ఫోన్లో చూస్తున్నాను, అందులో అర నిమిషం దగ్గర నాయకురాలి వెనుక కనిపించే నీడ ఎవరిదో తేల్చాల్సిన పనిలో ఉన్నాను. "నువ్వే చూస్కో బాపూ, నీకు తెల్వదా" అన్నాను. కాసేపాగి మళ్ళీ పిలిచాడు. ఈసారి పలకలేదు. పక్క గదే. లేచి పది అడుగులు వేస్తే సరిపోయేది.

సినిమా పొద్దున కూడా చివరి కండువా కొసలు కత్తిరించి ముడులేస్తూనే ఉన్నాడు. అంత సంచితో నన్ను ఒక్కదాన్ని పంపడం ఇష్టం లేక (నిజానికి తన కండువాలు మెడల్లో పడుతుంటే చూడాలని) తానూ బయల్దేరాడు. రెండు వారాలు రంగులో ముంచిన వేళ్ళు గోళ్ళ దాకా నీలమై ఉన్నాయి. "ఆ చేతులతోని పట్నం పోతవా" అని అమ్మ నిమ్మచెక్క ఇచ్చింది, రుద్దితే నీలం కాస్తా ఇంకా మెరిసింది. బస్సులో కూర్చున్నాక సంచి విప్పి, "చూడు బిడ్డా, ఎట్లొచ్చినయో" అన్నాడు. పైన మడతలో ఒక తోకచుక్క కనిపించింది, కుడికే పోతోంది. "బ్రహ్మాండంగున్నది" అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఆయన సంచిని ఒళ్ళో పెట్టుకుని దారంతా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

థియేటర్ ముందు గుంపంతా నిలబడి ఉంది. నేను దొరసానిలా సంచి అందుకుని పంచడం మొదలుపెట్టాను. మొదటి రెండు నిమిషాలు నా జీవితంలో మంచి నిమిషాలు. "నీలం ఎంత మంచిగున్నదే" అన్నారు, బట్టను చెంపకు ఆనించుకున్నారు. అప్పుడు కెప్టెన్ కండువా మెడలో వేసుకుని, రెండు కొసలూ సర్దుకుని, కిందికి చూసుకుంది.

"ఇదేందే?" అంది. "ఇటు మనోళ్ళది. అటు వాళ్ళది."

అందరూ తమ తమ ఛాతీల వైపు చూసుకున్నారు. ఇరవై నాలుగు మెడల్లో ఒక పక్క మన తోకచుక్క, ఇంకో పక్క శత్రువుది, ఎదురెదురుగా, పెండ్లిచూపుల్లో కూర్చున్నట్టు. "పొద్దుగాల ఒక పార్టీ, మాపటికి ఒక పార్టీ లెక్కున్నం గదనే" అని ఎవరో నవ్వారు. పక్కన వేరే కాలేజీ గుంపు కూడా చూసి నవ్వింది. వాళ్ళకు కంపెనీవాళ్ళ టీషర్టులే ఉన్నాయి. కెప్టెన్ నవ్వలేదు. "ఎవరు నేసిండ్రే? సినిమా చూసినోడేనా?" అని నన్నే అడిగింది.

"నాకేం ఎరుక?" అన్నాను. "దుకాణంల చెప్పి చేయించిన. నేసినోడెవడో మొద్దోడున్నట్టున్నడు."

బాపు నాకు మూడు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. విన్నాడు. వినలేదని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకుని చూశాను గానీ, విన్నాడు. కెప్టెన్ అప్పుడే ఆయన్ని గమనించి, "అంకుల్, మీరు?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, ఎంతో మామూలుగా అన్నాడు: "నేను వీళ్ళ ఊరాయననమ్మా. పట్నంల పనుండె, పిల్లకు తోడొచ్చిన. ఆ నేసినాయన నాకెరుకే. నేను జెప్త తియ్యండి."

అందరూ కండువాలు తీసి సంచిలో వేశారు. బాపు వాటిని ఒక్కొక్కటే మడత పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి మా వరస చివరి సీట్లో కూర్చున్నాడు. మూడేళ్ళు ఎదురుచూసిన సినిమా నా ముందు నడుస్తోంది, నాకు తెర మీద ఏమీ ఆనలేదు. ఓడ మళ్ళీ లేచింది, గ్రహాలు పేలాయి, పక్కవాళ్ళు ఈలలేశారు, నేను మాత్రం చివరి సీటు వైపే చూస్తున్నాను. ఇంటర్వెల్ అయి దీపాలు ఆరాక చూస్తే ఆ సీట్లో సంచి ఒక్కటే ఉంది. చాయ్‌కి పోయాడనుకున్నాను. సినిమా చివరిదాకా తిరిగి రాలేదు.

ఇక ఆ సినిమా చివర ఏమైందంటే, చెప్తే మీరు కల్పించానంటారు. ద్రోహం చేసి పోయినవాడు తిరిగొచ్చి తన ప్రాణం అడ్డువేసి నాయకురాలిని కాపాడతాడు. రెండు సైన్యాలూ ఒకటవుతాయి. ఆఖరి దృశ్యంలో కొత్త జెండా మెల్లగా విప్పుకుంటుంది. దాని మీద రెండు తోకచుక్కలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూసుకుంటూ. తర్వాత ఇరవై మూడు మంది ఒకేసారి ఆ సంచి మీద పడ్డారు. టీషర్టుల గుంపు వచ్చి ఒక్కటివ్వమని బతిమాలింది. కెప్టెన్ నా భుజాలు పట్టి ఊపేస్తూ, "ఏయ్ పోచంపల్లి, ఆ నేసినాయన ఎవరే? కథ ముందే తెలిసినట్టు నేసిండు గద" అంది. మా బాపే అని చెప్పబోయాను. అది అంటే పొద్దున అన్నది కూడా విప్పి చెప్పాలి. "కనుక్కొని చెప్త" అన్నాను. నేను గుంపులో కోరుకున్న పేరు ఆ పూట నాకు వచ్చింది. నా బతుకులో అంత పనికిరాని పేరు ఇంకోటి రాలేదు.

బాపు బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కాగితం పొట్లం. నీలం రంగు. ఇంటర్వెల్‌లో లేచి వెతుక్కుంటూ పోయి కొన్నాడట. "ఇంకో పడుగు పోస్త బిడ్డా" అన్నాడు నన్ను చూడగానే. "ఈసారి మడతెయ్య. రెండు కొసలు ఏరుపడ కడ్త. జర టైం పడ్తది అంతే." నేను గబగబా సినిమా చివర చెప్పాను, జెండా, రెండు తోకచుక్కలు, అందరూ సంచి మీద పడటం, అన్నీ. ఆయన చివరిదాకా విని తల ఊపాడు. "నా మనసు నొవ్వొద్దని చెప్తున్నవు. మంచిదే" అన్నాడు. నేను ఒట్టేశాను. "సరే తియ్యి, నమ్మిన" అన్నాడు, పిల్లలతో అన్నట్టు. పొద్దున అబద్ధం ఆడింది కూడా ఈ నోరే కదా, మధ్యాహ్నానికి నిజం చెప్తే ఎట్లా నమ్ముతాడు? తప్పయింది బాపూ అని రెండు మాటలు అనాల్సింది. బస్సు వచ్చింది, ఎక్కాను, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాటలేమీ పెట్టలేదు.

ఆ పొట్లం చాలాకాలం మగ్గాల గదిలో పోస్టరు కింద గూట్లోనే ఉంది. ఇక కండువాలు అక్కర్లేదు బాపూ అని నేనే చెప్పాను. ఆయన రెండో మగ్గం మీద మళ్ళీ గుడ్డ కప్పాడు. మెల్లగా కూర్చుంటుందన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అనలేదు. నేను చదువు ముగించి నల్గొండలో ఒక ఆఫీసులో చేరాను. బాపుకు భుజం నొప్పి మొదలై నేత తగ్గింది. చివరికి ఆ రెండో మగ్గం విప్పి, కట్టెలన్నీ కట్టగట్టి గోడకు ఆనించారు. నేను ఏనాడూ దాని ముందు కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుందామన్నా ఆ మగ్గం లేదు.

పోయిన నెల ఆ సినిమా మూడో భాగం వస్తుందని ప్రకటించారు. ఆదివారం ఇంటికి పోయినప్పుడు బాపు అరుగు మీద కూర్చుని ఉంటే, పక్కన చేరి, రెండో భాగం చివరి దృశ్యం ఫోన్లో పెట్టి చేతికిచ్చాను. ఇన్నేళ్ళూ ఈ చిన్న పని ఎందుకు చేయలేదో నన్నడగకండి. చూపిస్తే ఆ పొద్దుటి మాట కూడా గుర్తుకొస్తుందని భయం. బాపు కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "మళ్ళొకపారి పెట్టు" అన్నాడు. జెండా మళ్ళీ విప్పుకుంది. వేలితో రెండు తోకచుక్కలనూ తాకి, ఎంతో తృప్తిగా అన్నాడు:

"వీళ్ళు గూడ పడుగు మడిసే కట్టిండ్రు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "బాపూ, ఆనాడు నేను మొద్దోడు అన్న కద" అన్నాను. ఆయన ఫోన్ మీంచి కళ్ళు తీయలేదు. "ఆ నేసినాయనకు నేను చెప్పిన తియ్యి. ఆయన ఎప్పుడో మర్చిపోయిండు."

ఆ సాయంత్రం మా పాత గుంపుకు, ఏళ్ళ తరబడి పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ రాని ఆ గుంపుకు, ఒక సందేశం పెట్టాను: ఆ కండువాలు నేసింది మా బాపు, ఆ రోజు వెంట వచ్చింది ఆయనే. పెట్టి, ఫోన్ బోర్లించి, కాసేపు ఇల్లంతా తిరిగాను. ఎవరేమంటారో అని పాతికేళ్ళు దాటిన మనిషిని, చిన్నపిల్లలాగా. కెప్టెన్ జవాబు వచ్చింది.

"మాకు ఆ రోజే తెలుసు గదనే. అంకుల్ వేళ్ళు చూసినం. కండువా నీలం, ఆ నీలం ఒకటే. నువ్వే చెప్తవేమో అని చూసినం."

అంటే ఆ పొద్దున థియేటర్ ముందు ఇరవై మూడు మందికీ తెలుసు, బాపుకు తెలుసు. దాచిపెట్టాననుకుని గ్రహాల నడుమ తిరుగుతున్నది నేనొక్కదాన్నే. నాలోని ఆనాటి పిల్ల ఇప్పుడు కనబడితే చెవి మెలేయాలో, దగ్గర కూర్చోబెట్టుకుని ఆ ఇయర్‌ఫోన్లు తీసేయాలో తెలియడం లేదు. మూడో భాగానికి టికెట్లు ఇంకా ఇవ్వడం లేదు, ఇవ్వగానే రెండు తీసుకుంటాను, పక్కపక్కన. ఇంటర్వెల్‌లో ఆయన్ని సీట్లోంచి లేవనివ్వను.